బల్ల మీది యార్డుకు షంటింగు యింజను

బొమ్మ రైలింజనును ఎంచడంకన్న పెళ్ళికూతురిని ఎంచడం సులువని మా వదిన అభిప్రాయం. పెళ్ళిచూపులు ఒక పూటతో తేలిపోతాయి. మా యింట్లో యింజను చూపులు సంక్రాంతి వెళ్ళగానే మొదలై మామిడిపళ్ళ రోజుల దాకా సాగాయి. రాయగడలోనూ కోరాపుట్‌లోనూ వున్న మన తెలుగు కుటుంబాలలో తాతో, తండ్రో, మేనమామో రైల్వేలో పనిచెయ్యని యిల్లు తక్కువ. అంచేత యీ సంగతి మన పత్రికకు రాస్తే పిల్లల ఆట అని ఎవరూ తోసిపారెయ్యరనే ధైర్యంతో రాస్తున్నాను.

నిజానికిది పిల్లల ఆటగా మొదలు కాలేదు. మా అన్నయ్య 1967లో లోకోషెడ్డులో క్లీనరుగా చేరి, ఫైర్‌మనుగా బొగ్గు వేసి, షంటరై, ఆఖరుకు గూడ్సు డ్రైవరుగా 2007లో రిటైరయ్యాడు. పోయిన యేడు వానాకాలంలో ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. ప్రాణానికి భయం లేదన్నారు. నడకా వచ్చింది. చెయ్యి మాత్రం భుజం దగ్గర లేస్తుంది గాని, వేళ్ళు మాట వినవు. వ్యాయామం నేర్పడానికి వచ్చే అబ్బాయి రబ్బరు బంతి ఒకటి యిచ్చి రోజూ నొక్కమన్నాడు. అన్నయ్య రెండు రోజులు నొక్కి, మూడోనాడు దాన్ని వీధికుక్కకు విసిరాడు. "వేళ్ళతో చేసే సన్నపని ఏదైనా చేయించండి. ఆయనకు యిష్టమైనదైతేనే చేస్తారు" అని ఆ అబ్బాయి చెప్పి వెళ్ళాడు. వదిన పాపం చాటలో బియ్యం పోసి రాళ్ళు ఏరమని ముందు పెట్టింది. ఆ పూట మా యింట్లో ఎవరమూ సరిగా భోంచెయ్యలేదు.

రైలు ఆలోచన మనుమడిది. వాడు ప్లస్ టూ పూర్తిచేసుకొని చదువుకు భువనేశ్వరు వెళ్ళవలసినవాడు. వెళ్ళేలోపల తాతయ్యకు ఒక యార్డు కట్టి యిచ్చి మరీ పోతానన్నాడు. ముందుగదిలో కిటికీ కింద నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు చోటు వుంది. అవతల వదిన కుట్టుమిషను వున్నది గనుక యింకొక్క అంగుళం దొరకదు. గుండ్రంగా తిరిగే రైలు పెట్టడానికి వీల్లేదు. హార్న్‌బీ వారి పట్టాలలో అన్నిటికన్న చిన్న వంపుకే వ్యాసార్ధం 371 మిల్లీమీటర్లు, అంటే బల్ల వెడల్పు రెండున్నర అడుగులు దాటాలి. మనుమడు చిన్నబుచ్చుకొన్నాడు. అన్నయ్య మాత్రం, "గుండ్రంగా తిరిగే బండి ఎక్కడికి పోతుందిరా? నాకు యార్డు చాలు" అన్నాడు. జబ్బు చేసిన తరువాత ఆయన ఒక వస్తువు కావాలని నోరు విప్పడం అదే మొదలు.

యిటువంటి యిరుకు బల్లలకోసమే ఇంగ్లండులో అలన్ రైట్ అనే ఆయన ఒక యార్డు కల్పించాడు. ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అని పేరు. మూడు సైడింగులు, రెండు పాయింట్లు, ఎనిమిది వ్యాగన్లు. ఒక సైడింగులో అయిదు వ్యాగన్లు, తక్కిన రెంటిలో మూడేసి పడతాయి. యింజను ముందుకూ వెనక్కూ ఆడే లైనులో యింజనుతో కలిపి మూడు వ్యాగన్లకే చోటు. ఎనిమిది చీటీలు రాసి, అందులో అయిదు తీసి, తీసిన వరసలోనే బండి కట్టాలి. చెప్పుకోవడానికింతే. చెయ్యబోతే తల తిరుగుతుంది. కావలసిన వ్యాగను ఎప్పుడూ అక్కరలేని రెండింటి వెనకాల వుంటుంది. అయిదింటిని అలా వరసపెట్టడానికి 6,720 విధాలున్నాయని మనుమడు లెక్కకట్టాడు. రోజుకొకటి చొప్పున చేస్తే పద్ధెనిమిదేళ్ళు దాటుతుంది. "అంతకాలం వుండమంటావా?" అన్నాడు అన్నయ్య. నవ్వుతూనే అన్నాడు గాని, వదిన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

యింజను సంగతి యిక్కడే వచ్చింది. నాలుగడుగులంటే 122 సెంటీమీటర్లు. అయిదు వ్యాగన్లకు 45, పాయింటుకూ, పక్క లైను వ్యాగన్లు రాసుకోకుండా విడిచే జాగాకూ కలిపి 32, యింజను వెంట వుండే మూడు వ్యాగన్లకు 27. మిగిలింది 18. అందులో చివర బఫర్లు పోగా యింజనుకు దక్కేది పదిహేను, మహా అయితే పదహారు.

మనుమడి కన్ను మొదటినుంచీ డబ్ల్యుడియమ్-2 మీద వుంది. డబ్ల్యు అంటే మన పెద్ద గేజి, డి అంటే డీజిలు, యమ్ అంటే ప్యాసింజరుకూ గూడ్సుకూ రెంటికీ పనికివచ్చేది. యస్ అని వుంటే షంటింగుది. 1962లో అమెరికానుంచి మొదటివి దిగి, 1964 నుంచి వారణాసిలో తయారైన యీ యింజను మన యిళ్ళల్లో అందరికీ చుట్టమే. కొత్తవలస-కిరండూలు లైను 1966-67లో తెరిచాక, బైలాడిల్లా యినుపరాయిని అరకు కొండల మీదుగా విశాఖ రేవుకు దించిన డీజిళ్ళ కూత కోరాపుట్‌వారికి యింకా చెవుల్లో వుండాలి. కాని దాని పొడుగు పదిహేడు మీటర్ల పైచిల్లర. 87వ వంతుకు తగ్గించినా బల్ల మీద యిరవై సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ. పట్టదు. పట్టినా అది యార్డులో వ్యాగన్లు ఏరుకొనే జాతి కాదు.

చిన్నది కావాలంటే నాలుగు చక్రాల యింజన్లున్నాయి, ధరకూడా తక్కువ. ఎరిగినవారింట్లో పిల్లలది ఒకటి అరువు తెచ్చి చూశాము. బొమ్మరైలుకు కరెంటు పట్టాలనుంచి చక్రాల ద్వారా వస్తుంది. చౌకరకం పాయింటులో రెండు పట్టాలు దాటుకొనే చోట ప్లాస్టిక్కు ముక్క వుంటుంది. పొట్టి యింజను చక్రం దాని మీదికి వచ్చేసరికి కరెంటు తప్పి, బండి నిలబడిపోతుంది. వేలితో తొయ్యాలి. మళ్ళీ బయలుదేరినప్పుడు కప్ప గంతు. "షంటింగంటే బఫరుకు బఫరు తగిలినప్పుడు గార్డు చేతిలో టీ తొణకగూడదు. యిది టీతోపాటు గార్డును కూడా కిందపడేస్తుంది" అని అన్నయ్య దాన్ని తిరిగి యిచ్చేయమన్నాడు. అంచేత బేరానికి ముందు చూడవలసింది రంగూ రూపూ కాదు: బరువు వుండాలి, అన్ని చక్రాలూ కరెంటు తీసుకోవాలి, చీమలా నడవగలగాలి. పాయింట్లు కూడా దాటుచోట కరెంటు వున్నవే కొనాలి. పట్టాలు నికెల్ సిల్వరువి కావాలి. యినుపవి మన రాయగడ వానలకు ఒక్క శ్రావణంలో తుప్పు పడతాయి.

యీ లెక్కన నా మట్టుకు నాకు అమెరికా యింజన్లు నచ్చాయి. యస్‌డబ్ల్యు-1500 అని, 1966 నుంచి 1974 దాకా కట్టినది వుంది. రెండు బోగీలు, ఎనిమిది చక్రాలూ తిరుగుతాయి, ఎనిమిదీ కరెంటు తీసుకుంటాయి. బొమ్మలో పొడుగు పదిహేనున్నర సెంటీమీటర్లు, అంచుకు అంచు సరిపోతుంది. యంత్రం మాటకు వస్తే అదే మేలైనదని నేను యిప్పటికీ అంటాను. అంతకన్న పొట్టిది జనరల్ ఎలక్ట్రిక్ వారి 44 టన్నులది, పన్నెండు సెంటీమీటర్లకు లోపే. మనుమడు దాని పుట్టుపూర్వోత్తరాలు చదివి వినిపించాడు. 1937లో అక్కడి రైల్వేలకూ కార్మికులకూ ఒక ఒప్పందం కుదిరిందట, చోదక చక్రాల మీద 90,000 పౌనులూ ఆపైనా బరువున్న యింజనులో డ్రైవరుతోపాటు ఫైర్‌మను కూడా వుండి తీరాలని. అందుకని కంపెనీ 44 టన్నులకు, అంటే 88,000 పౌనులకు, యింజను కట్టి, రెండో మనిషి జీతం తప్పించింది.

అన్నయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "ఫైర్‌మను కడుపు కొట్టడానికి పుట్టిన యింజనా? అది నా బల్ల ఎక్కడానికి వీల్లేదు" అన్నాడు. పది సంవత్సరాలు పార పట్టిన మనిషి, ఎవరు నచ్చజెప్పగలరు? ఆ కోపంలో అమెరికావన్నీ కొట్టుకుపోయాయి.

యిక మిగిలింది ఇంగ్లండువారి 08 తరగతి. 1952-62 మధ్య 996 యింజన్లు కట్టారు. 350 గుర్రాల శక్తి, ఆరు చక్రాలు, గంటకు పదిహేను, యిరవై మైళ్ళకు మించని నడక. బొమ్మ యింజను 76వ వంతు కొలతలో పన్నెండు సెంటీమీటర్లు. వాల్తేరు యార్డులో అన్నయ్య నడిపిన డబ్ల్యుడియస్-6కు ఆరు యిరుసులు, పదమూడువందల పైచిలుకు గుర్రాలు. దానికీ దీనికీ పోలిక లేదు. కాని 1960ల చివరనుంచి చిత్తరంజనులో చేసిన డబ్ల్యుడియస్-4కు యిది దూరపు చుట్టం: ఒక చివర క్యాబు, మూడే యిరుసులు, చక్రాలను కలుపుతూ పక్కన కడ్డీ.

ఆ కడ్డీయే నిర్ణయం చేసింది. "చక్రం మెల్లిగా తిరుగుతుంటే నా కంటికి ఆనదు. కడ్డీ పైకీ కిందికీ పోతుంటే ఎంత నడుస్తోందో తెలుస్తుంది. చెయ్యి దాన్ని చూసి తిప్పుతుంది" అన్నాడు అన్నయ్య. అటుపైన నేను యెనిమిది చక్రాల మాట ఎత్తలేదు.

ధర విన్నాక వదిన నన్ను పక్కకు పిలిచింది. "చెయ్యి వస్తుందని చెప్పండి, రెండు కొందాం. రాదంటే ఒక్కటీ వద్దు." దానికి నేనేం చెప్పను? డాక్టరే చెప్పలేదు. రెండు రోజులు మాట్లాడకుండా తిరిగి, మూడోనాడు ఆవిడే తన చీటీపాట డబ్బు తెచ్చి మనుమడి చేతిలో పెట్టింది. లెస్టరులో ఉద్యోగం చేస్తున్న మా బాబాయిగారి మనుమడు చైత్రంలో వస్తూ, ఒకరు వాడినదే, మంచి స్థితిలో వున్నది పట్టుకొచ్చాడు.

పెట్టె విప్పగానే అన్నయ్య అడిగింది కొలబద్ద. పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు వచ్చింది. మన పెద్ద గేజి 1,676. యీ కొలతలో 22 వుండాలి. "యిది మన లైనూ కాదు, గుణుపూరు చిన్నబండీ కాదు" అన్నాడు. 1931లో గుణుపూరు దాకా వచ్చి 2004లో ఆగిపోయిన పర్లాకిమిడి రెండున్నర అడుగుల బండిలో మేమందరం పెళ్ళిళ్ళకు వెళ్ళినవాళ్ళమే. యిప్పుడక్కడా పెద్ద గేజియే. కాసేపు గొణిగి, "పోనీ, ఇంగ్లీషువాడి యింజను ఇంగ్లీషువాడి పట్టా మీదే నడవనీ" అని వదిలేశాడు.

కంట్రోలు పెట్టెకు గుండ్రటి మర ఒకటి. ఎడంచేత్తో తిప్పమన్నాము. ఆయన వినలేదు. కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి మర మీద పెట్టుకొన్నాడు. మొదటివారం అరచేతితో నెట్టేవాడు, యింజను వెళ్ళి బఫరును కొట్టేది. మూడోవారానికి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి వచ్చాయి. వదిన పాత చీరల్లోంచి ఎర్రదొకటి, ఆకుపచ్చదొకటి చింపి జెండాలు కుట్టింది, మనుమడు పాయింట్స్‌మను. జెండా ఊపకుండా బండి కదిలించమంటే అన్నయ్య కదిలించడు. వ్యాయామం అబ్బాయి వచ్చి చూసి, వేళ్ళు కొంచెం నయమన్నాడు, యింకేమీ అనలేదు. వ్యాగన్ల కొక్కేలు విప్పడం మాత్రం యింకా ఎడంచేత్తోనే.

2025 జనవరిలో రాయగడ రైల్వే డివిజను భవనానికి శంకుస్థాపన జరిగింది గదా, మా బల్ల మీది యార్డును కూడా అందులో కలుపుతారా అని మనుమడు వెళ్ళేముందు తాతయ్యను ఆటపట్టించాడు. యిప్పుడు వాడి జెండాలు నా చేతికి వచ్చాయి. నిన్న చీటీల్లో 7, 2, 5, 8, 1 వచ్చాయి. యిరవైమూడు కదలికలు పట్టింది. మూడో సైడింగు చివర బఫరు యింకా కట్టలేదు. వదిన ఖాళీ అగ్గిపెట్టెలు దాచిపెడుతున్నది.