ఒక్క రోజు వరుస

బేస్‌బాల్ స్కోరు కార్డులో ఒక్కో ఆటగాడికి దక్కేది ఒక్క వరుస. పేరు, పక్కన నాలుగు అంకెలు: ఎన్నిసార్లు బ్యాటింగ్ చేశాడు, ఎన్ని పరుగులు తీశాడు, ఎన్ని హిట్లు కొట్టాడు, అతని దెబ్బకు జట్టుకు ఎన్ని పరుగులొచ్చాయి. ఏడాదికి 162 ఆటలాడే లీగులో ఒక్క రోజు వరుస ఎవరికి గుర్తుంటుంది? అందరూ సీజను సగటే చూస్తారు. నాకు సగటంటే అంత గురి లేదు. మంచి రోజునీ చెడ్డ రోజునీ కలిపి రుబ్బేస్తుంది. నాకు ఆ ఒక్క రోజు వరుసలే ఇష్టం, అవి అన్నీ చెప్పకపోయినా.

1963 సెప్టెంబరు 29, సీజను చివరి రోజు. హ్యూస్టన్ జట్టు జాన్ పచోరెక్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ణి న్యూయార్క్ మెట్స్ మీద దింపింది. అతని వరుస 3, 4, 3, 3. ఐదుసార్లు బ్యాటు పట్టుకుని వెళ్తే మూడు హిట్లు, రెండు వాక్‌లు. పిచర్ నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచిపోవడమే వాక్. దాన్ని బ్యాటింగ్ లెక్కలో వేయరు. మొత్తానికి కుర్రాణ్ణి ఎవరూ ఔట్ చేయలేకపోయారు. ఆ తర్వాత వెన్నునొప్పి, ఆపరేషను. చిన్న లీగుల్లో కొన్నేళ్లు తంటాలు పడ్డాడుగానీ పెద్ద లీగులో మళ్లీ ఆడలేదు. జీవితకాల సగటు 1.000. తమ్ముడు టామ్ పద్దెనిమిది సీజన్లు చెమటోడ్చినా .282 దగ్గరే ఆగాడు. క్రికెట్‌లోనూ ఉన్నాడు ఇలాంటివాడు. 1948లో ఆడిన ఏకైక టెస్టులో 112 కొట్టిన వెస్టిండీస్ ఆటగాడు ఆండీ గాంటోమ్, సగటులో బ్రాడ్‌మన్‌ను దాటేసి కూర్చున్నాడు. సగటు మాటలు నమ్మితే ఇంతే సంగతులు.

రాన్ రైట్ కూడా పెద్ద లీగులో ఒక్క ఆటే ఆడాడు. 2002 ఏప్రిల్ 14న, సియాటిల్ తరఫున, టెక్సస్ మీద. మొదటిసారి స్ట్రైకౌట్. రెండోసారి ఇద్దరు రన్నర్లు బేసుల మీదుండగా అతను కొట్టిన బంతి నేరుగా పిచర్ కెన్నీ రోజర్స్ దగ్గరికి పోయింది. రన్నర్లిద్దరూ, వాళ్లతో పాటు తనూ ఔట్. మూడోసారి డబుల్ ప్లే, ఇంకో ఇద్దరు. తొమ్మిది ఇన్నింగ్సులకు జట్టు చేతిలో ఉండేవే 27 ఔట్లు. అందులో ఆరు ఒక్కడే మూడు ప్రయత్నాల్లో ఖర్చు పెట్టేశాడు. నాలుగోసారి పంపే ధైర్యం ఎవరికుంటుంది? అయినా అతని వరుస చూడండి: 3, 0, 0, 0. ఎంతటి మొనగాడికైనా సీజనులో ఇలాంటి రోజులు బోలెడుంటాయి. ఆ సున్నాల్లో రైట్ పడ్డ పాట్లు కనిపించనే కనిపించవు.

ఎడ్డీ గెడెల్‌వి నాలుగూ సున్నాలే. 1951 ఆగస్టులో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ యజమాని బిల్ వీక్, మూడడుగుల ఏడంగుళాల గెడెల్‌కు 1/8 నంబరు చొక్కా తొడిగి బ్యాటింగ్‌కు పంపాడు. మనిషి ఎత్తును తమాషా చేయడం నాకు నచ్చదు. లెక్క మాత్రం పక్కా: అంత చిన్న గురిలో బంతి వేయలేక డెట్రాయిట్ పిచర్ వాక్ ఇచ్చేశాడు. గెడెల్ మొదటి బేస్‌కు వెళ్లాడు, అతని బదులు రన్నర్ వచ్చాడు. చేయాల్సింది చేశాడు, వరుసలో ఏమీ మిగల్లేదు.

అంకెల సంగతి సరే, కార్డు మీది తేదీనైనా నమ్మొచ్చా అంటే అదీ అనుమానమే. 2024 జూన్ 26న టొరాంటో బ్యాటర్ డానీ జాన్సెన్ బోస్టన్‌లో బ్యాటింగ్ చేస్తుండగా వానొచ్చి ఆట ఆగిపోయింది. ఆగస్టు 26న మళ్లీ మొదలయ్యేసరికి అతను బోస్టన్‌కు మారిపోయి, అదే ప్లేట్ వెనకాల క్యాచర్‌గా కూర్చున్నాడు. ఒకే ఆటలో రెండు జట్లలోనూ అతని పేరుంది. ఆగిన ఆట ఎప్పుడు పూర్తయినా అంకెలు మొదటి తేదీకే జమవుతాయి. ఆ నియమం పుణ్యమా అని, 2018 మే 20న పెద్ద లీగులో తొలిసారి ఆడిన వాషింగ్టన్ కుర్రాడు హువాన్ సోటో, మే 15న ఆగిపోయిన ఆట జూన్‌లో తిరిగి మొదలైనప్పుడు న్యూయార్క్ యాంకీస్ మీద హోమ్ రన్ కొట్టాడు. రికార్డులో అది మే 15 నాటిదే. ఆ రోజుకి సోటో ఇంకా చిన్న లీగులోనే ఉన్నాడు.