లాగడం సరే... ఆపడం మాటేంటి?

మాఘమాసం వచ్చిందంటే కోనసీమ దారులన్నీ అంతర్వేదికే. భీష్మ ఏకాదశి నాటి రథోత్సవం చూడ్డానికి బస్సుల్లో వచ్చేవాళ్లు వస్తారు, కార్లలో వచ్చేవాళ్లు వస్తారు. వాటి మధ్య నుంచి తీరిగ్గా, డుగడుగమంటూ కొన్ని ట్రాక్టర్లూ సాగుతుంటాయి. మునుపున్నన్ని లేవుగానీ ఆ అలవాటు పూర్తిగా పోలేదు. వెనకున్న ట్రక్కులోకి తొంగిచూస్తే ఓ కాపురమే కనపడుతుంది. అడుగున మెత్తగా పరిచిన ఎండుగడ్డి, దానిమీద టార్పాలిన్‌, ఆపైన బొంతలు. ఓ మూల బియ్యం మూట, గ్యాస్‌ పొయ్యి, గుండిగ, మంచినీళ్ల డ్రమ్ము. ఎండ తగలకుండా వెదురుబద్దలు వంచి కట్టిన గూడు. ఆ గూటికింద మామ్మగారు, ఆవిడ ఒళ్లో మనవరాలు, తోకబల్ల మీద కాళ్లు వేలాడేసుకుని కుర్రాళ్లు.

అన్నట్టు, గోదావరి జిల్లాల్లో ట్రక్కంటే లారీ కాదు. ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిబండి. ఇదే మాట అమెరికాలో అంటే ముందుండి లాగే పెద్ద పికప్‌ బండి అనుకుంటారు. అక్కడ దాని వెనక తగిలించుకునే ఇంటిని క్యాంపింగ్‌ ట్రైలర్‌ అంటారు. మంచాలు, వంటగది, స్నానాలగది... అన్నీ అందులోనే. మనవాళ్ల గడ్డిపరుపు ట్రక్కుకు అది దూరపు చుట్టమే. చుట్టరికం ఎక్కడంటే, ఇంటిని వెంట కట్టుకుని బయల్దేరే ఏ కుటుంబానికైనా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. దీన్ని లాగే బండి ఏది?

ఈ ప్రశ్న డెల్టాకు కొత్తేం కాదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్‌ దొర, దానినుంచి తవ్వించిన కాలవల్ని పొలాలకు నీళ్లివ్వడానికి మాత్రమే అనుకోలేదు. అవి పడవలకు రహదారులు కూడా. రాజమండ్రి నుంచి కాకినాడకో, ఏలూరుకో వెళ్లాలంటే సాయంత్రం పడవెక్కి పడుకోవడమే. గూడు వేసిన పడవలో వంట, పడక, కబుర్లు. నీటిపారుదల అధికారులు తనిఖీలకు గదులున్న పడవల్లో తిరిగేవారు. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేదంటే తెరచాప కొయ్యకు తాడు కట్టి, గట్టుమీద నడుస్తూ మనుషులే లాగేవారు. ఇద్దరు ముగ్గురు మనుషులు అంత పడవను ఎలా లాగేవారంటే- బరువంతా నీళ్లు మోసేవి కాబట్టి. ఒక గుర్రం రోడ్డు మీద లాగే బరువుకు కొన్ని పదుల రెట్లు కాలవలో లాగగలదని ఐరోపాలో ఎప్పుడో తేల్చారు. పైగా పడవ ఆపాలంటే తాడు వదిలేస్తే చాలు, కాసేపటికి అదే ఆగుతుంది.

ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులకు ఇవాళ సినిమా షూటింగులు చూసి వెళ్లేవాళ్లే ఎక్కువ. ఆ లాకులు ఆ పడవల కోసం కట్టినవి. ఎగువ నీటిమట్టం నుంచి దిగువకు పడవను కుదుపు లేకుండా దించే ఏర్పాటు. తలుపులు మూసి, మధ్యలో నీళ్లను మెల్లగా తగ్గించి, పడవ కిందికి దిగాక ముందు తలుపులు తీసేవారు. పల్లానికి దిగేటప్పుడు బరువు దూసుకుపోకుండా చూసే పని లాకుదే. తర్వాత రోడ్లొచ్చాయి, లారీలొచ్చాయి, పడవలు పోయాయి. మోసే నీళ్లూ లేవు, దించే లాకులూ లేవు. ఆ రెండు పనులూ లాగే బండి నెత్తిన పడ్డాయి.

డెల్టా అంతా అరచేతిలా చదునుగా ఉంటుంది కదా, బండికి కష్టమేముంది అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. చదును నేలమీద, కదలికలో ఉన్న బరువును లాగడానికి పెద్ద బలం అక్కర్లేదు. ముప్పై అయిదు హార్స్‌పవర్‌ ట్రాక్టరైనా వందబస్తాల ట్రక్కును నెమ్మదిగా లాక్కుపోతుంది. ‘మన బండి లాగుద్దండీ ఆయ్‌’ అనే ధీమా అలా వచ్చిందే. గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కిలోలు. వందబస్తాలంటే ఏడున్నర టన్నులు, ట్రక్కు బరువు దానికి అదనం. ముందున్న ట్రాక్టరు చూస్తే రెండు టన్నులకు అటూఇటూ. అంటే తనకు నాలుగైదు రెట్లున్న బరువు వెనకనుంచి నెట్టుకొస్తుంటే రెండు టన్నుల బండి ఆపాలి. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులుండవు.

చదును నేలలో వాలు ఎక్కడుంటుంది? కాలవ వంతెనల దగ్గర. ఏటిగట్టు మీద నుంచి లంకలోకి దిగే బాటలో. పంటు ఎక్కే రేవులో. వాలు పొడవు పాతిక ముప్పై అడుగులే కావచ్చు. వానకు తడిసిన నల్లమట్టి అయితే అదే చాలు. ముందున్న ట్రాక్టరు బ్రేకు వేస్తే వెనక ట్రక్కు ఆగదు, పక్కకు నెడుతుంది. ట్రాక్టరూ ట్రక్కూ కత్తెరలా మడతపడతాయి. ఒకపక్క కాలవ, ఇంకోపక్క పొలం. డెల్టా రోడ్లు చాలావరకు కాలవగట్ల మీదే నడుస్తాయని వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ట్రాక్టరు కొనేటప్పుడు తెలిసినవాళ్లు హార్స్‌పవర్‌ సంగతి చివర్లో అడుగుతారు. ముందు చూసేది బండి సొంత బరువు, వెనక టైర్ల వెడల్పు, బ్రేకుల రకం. నూనెలో మునిగి ఉండే బ్రేకులైతే తడికీ బురదకూ పట్టు తప్పవు, డెల్టాకు అవే మేలు. పొలంలో దమ్ము చేయడానికి తేలికబండి బాగుంటుంది, కూరుకుపోదు. రోడ్డు మీద బరువు లాగడానికి ఆ తేలికే శాపం. ఒకే బండితో రెండు పనులూ చేయాలనుకునే రైతు వెనక చక్రాలకు ఇనుప దిమ్మలు బిగించుకోవడం, టైర్లలో నీళ్లు నింపించుకోవడం ఇందుకే.

ట్రాక్టరుకు ఇంకో చిత్రం ఉంది. కుడి చక్రానికో బ్రేకు, ఎడమ చక్రానికో బ్రేకు. పొలం మూలమీద చటుక్కున తిరగడానికి ఆ ఏర్పాటు. రోడ్డెక్కేముందు ఆ రెండు పెడళ్లనూ కలిపే గొళ్లెం వేయాలి. అది మరిచిపోయి, వేగంలో ఒక్క పెడలే తొక్కితే బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. వేలెడంత ఇనపముక్క అది. పొలం నుంచి నేరుగా తీర్థానికి బయల్దేరే తొందరలో దాన్ని ఎవరు చూస్తారు?

బరువు ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. రెండు చక్రాల ట్రక్కుకు కొంత బరువు ముందున్న కొక్కెం మీద ఆనాలి. బరువంతా ముందుకు నెడితే కొక్కెం కిందికి వంగి ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్‌ మాట వినదు. తోకవైపు నెడితే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనక చక్రాల పట్టు పోతుంది. తోకబల్ల మీద పదిమంది కుర్రాళ్లు కూర్చుంటే జరిగేది ఈ రెండోదే.

ఆ మాటకొస్తే అసలు ట్రక్కులో మనుషులే ఎక్కకూడదు. అది సరకుల బండి, మనుషుల్ని ఎక్కించడానికి చట్టం ఒప్పుకోదు. 2020 జూన్‌లో జగ్గయ్యపేట దగ్గర వేదాద్రి నరసింహస్వామిని దర్శించుకుని తిరిగివెళ్తున్న కుటుంబాల ట్రాక్టరును లారీ ఢీకొని పదిమందికి పైగా చనిపోయారు. అంతర్వేది వెళ్లే దారి ఇంతకన్నా భద్రమని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండక్కర్లేదు. బొంతలూ గుండిగలూ ట్రక్కులో, మనుషులు బస్సులో అనే పద్ధతి కొన్ని కుటుంబాలు మొదలుపెట్టాయి. పిల్లలకు సరదా తగ్గుతుంది. తగ్గనివ్వండి.

ఇక ఈ జిల్లాల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన పిల్లల సంగతి. వేసవిలో అమ్మానాన్నలు వెళ్లినప్పుడు జాతీయ పార్కులు చూపించాలి. నాన్నకు హోటల్‌ తిండి పడదు, అమ్మకు తన వంటగది కావాలి. క్యాంపింగ్‌ ట్రైలర్‌ మీదికి మనసు పోతుంది. ముప్పై అడుగుల ట్రైలర్‌, సరంజామాతో కలిపి నాలుగు టన్నులు అనుకుందాం. పికప్‌ అమ్మే దుకాణంలో ‘ఈ బండి అయిదు టన్నులు లాగుతుంది’ అంటారు. అబద్ధం కాదు. కానీ లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలర్‌ బరువులో పది నుంచి పదిహేను శాతం కొక్కెం మీద ఆనాలన్నది అక్కడి లెక్క. లేకపోతే వేగంలో ట్రైలర్‌ తోక ఊపడం మొదలుపెడుతుంది. నాలుగు టన్నులకు అది నాలుగొందల నుంచి ఆరొందల కిలోలు. మధ్యస్థంగా అయిదొందలు వేసుకోండి. దానికి నలుగురు మనుషుల బరువు సుమారు మూడొందల కిలోలు కలపాలి. ఆపైన వెనక వేసుకున్న ఐస్‌పెట్టె, కుర్చీలు, ఆవకాయ జాడీ. ఎనిమిదొందలు దాటింది. అక్కడ బాగా అమ్ముడుపోయే మామూలు పికప్‌లు చాలావరకు మోయగలిగింది ఏడెనిమిదొందల కిలోలే. లాగే బలం ఇంకా మిగిలే ఉంది, మోసే ఓపిక అయిపోయింది!

ఆ సంఖ్య ప్రకటనల్లో దొరకదు. డ్రైవరు తలుపు తీస్తే పక్కన పసుపూ తెలుపూ రంగుల్లో చిన్న చీటీ అతికించి ఉంటుంది, దానిమీద రాసి ఉంటుంది. అందుకే పెద్ద ట్రైలర్‌ కావాలనుకున్నవాళ్లు ఫోర్డ్‌ ఎఫ్‌-250, రామ్‌ 2500 తరహా బరువైన పికప్‌ల వైపు వెళ్తారు. ఇంకా పెద్దదైతే కొక్కెం బండి వెనక కాకుండా తొట్టి మధ్యలో, వెనక ఇరుసుకు పైన ఉండే రకం. బరువు ఇరుసు మీద పడుతుంది కాబట్టి తోక ఊపదు. అక్కడ ఈ సైజు ట్రైలర్‌ చక్రాలకు సొంత బ్రేకులుంటాయి. వాటిని డ్రైవరు ముందున్న చిన్న మీట ఆడిస్తుంది. ట్రాక్టరు ట్రక్కులకు లేనిదీ, ముందు రావాల్సిందీ ఇదే.

అలాంటి ఇల్లొకటి కోనసీమకు తెచ్చుకుంటే? ఊహ బాగానే ఉంటుంది. రావులపాలెం దాకా జాతీయ రహదారి కాబట్టి ఇబ్బంది లేదు. అక్కణ్నుంచి లోపలికి తిరిగాక లెక్క మారుతుంది. ట్రైలర్‌, పికప్‌ కలిపి పదిహేను మీటర్ల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు. కాలవగట్టు మీది ఒంటివరుస రోడ్డు నాలుగు మీటర్లు కూడా ఉండదు. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు వచ్చిందంటే ఎవరో ఒకరు వెనక్కి నడపాలి. ట్రైలర్‌ను వెనక్కి నడపడమంటే స్టీరింగ్‌ కుడికి తిప్పితే అది ఎడమకు పోతుంది. మన దేశంలో కారవాన్‌ అంటే ఇంజినూ ఇల్లూ ఒకే బండిగా ఉండేవే ఎక్కువ కనపడటానికి ఈ ఇరుకూ ఓ కారణం కావచ్చు. కాలవల సీమ కేరళ 2021లో కారవాన్‌ పర్యటకానికి ప్రత్యేక విధానం ప్రకటించినప్పుడూ ముందుకొచ్చినవి అలాంటి బండ్లే. దిండిలో హౌస్‌బోట్‌ ఎక్కినవాళ్లకు ఆ బెంగ కూడా లేదు. మోసే పని మళ్లీ నీళ్లదే.

మన్యం వైపు వెళ్తే సంగతి వేరు. రంపచోడవరం, మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్‌రోడ్డులో వెనక బరువు కట్టుకుని దిగడం డెల్టా డ్రైవరుకు అలవాటు లేని పని. ఎక్కిన గేరులోనే దిగాలన్నది పాత లారీ డ్రైవర్ల సూత్రం. డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తే ఇంజిను పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. నాలుగు మలుపులకే అవి వేడెక్కి చేతులెత్తేస్తాయి. మారేడుమిల్లి చెట్లకింద గుడారం వేసుకుని వండుకుందామని బయల్దేరే కుర్రకారు బైకులకో కార్లకో పరిమితమైతేనే నయం. బొంగులో చికెన్‌ అక్కడే దొరుకుతుంది, గుండిగలు మోసుకెళ్లక్కర్లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. 2003లో, 2015లో పల్లెల నుంచి రేవులకు బారులు తీరిన ట్రాక్టర్లను చూసినవాళ్లు ఈసారీ అవి వస్తాయని చెప్పగలరు. బయల్దేరేముందు పావుగంట చాలు. పెడళ్ల గొళ్లెం వేసి ఉందా, కొక్కెం మేకుకు కింద చీల ఉందా, మేకు తెగినా ట్రక్కు విడిపోకుండా గొలుసు ఉందా, వెనక ఎర్రదీపం వెలుగుతోందా, ట్రక్కు టైర్లు రెండూ ఒకే గాలితో ఉన్నాయా చూసుకోవాలి. రేవు చేరాక ట్రక్కును విప్పేముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు పెట్టాలి. ఇటుకలు పనికిరావు, బరువుకు నలిగిపోతాయి. ఏటిగట్టు వాలు మీద అసలు విప్పనే కూడదు. చదునైన చోటు వెతుక్కుని, ట్రక్కు మూతి కింద దుంగ నిలబెట్టి, అప్పుడు మేకు లాగాలి.