హుద్‌హుద్ నేర్పిన పాఠం

సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం)కు సబా దేశపు వార్తను మోసుకువచ్చిన పక్షి హుద్‌హుద్. దివ్య ఖుర్ఆన్‌లోని నమ్ల్ సూరాలో దాని ప్రస్తావన ఉంది. ఆ పేరునే ఒమాన్ దేశం ఒక తుఫానుకు సూచించింది. 2014 అక్టోబరు 12, ఆదివారం నాడు అది విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నేనప్పుడు ఆ నగరంలోని ఒక మద్రసాలో బోధిస్తుండేవాణ్ణి. బక్రీద్‌కు ఊళ్ళకు వెళ్ళలేకపోయిన పదకొండు మంది పిల్లలు నా సంరక్షణలో ఉన్నారు.

ముందురోజే రేడియోలో హెచ్చరికలు విన్నాను. దుఆ చేసి, అల్లాహ్‌పై భారం వేసి నిద్రపోయాను. బిందెలలో మంచినీళ్ళు పట్టి, అటుకులు, కొవ్వొత్తులు సమకూర్చి, కిటికీలకు చెక్కలు బిగించినవాడు మా వంటచేసే చాచా. ఆయన భీమిలి తీరంలో పెరిగిన మనిషి.

గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉదయమంతా గోడలు కంపించాయి. మధ్యాహ్నం వేళకు హఠాత్తుగా అంతా నిశ్శబ్దం. గండం గడిచిందనుకొని, జొహర్ నమాజుకు పిల్లలను వీధి చివరి మస్జిదుకు తీసుకువెళ్ళడానికి గడియ తీశాను. చాచా నా చేయి పట్టుకొని ఆపారు.

"మౌలానా, ఇది తుఫాను కన్ను. గాలి మళ్ళీ వస్తుంది. ఈసారి అటువైపు నుంచి కొడుతుంది. పిల్లలను బయటకు పంపకండి."

లోపలి గదిలోనే జమాఅత్‌తో నమాజు చేశాము. సలాము చెప్పిన కొద్దిసేపటికే గాలి ఎదురు దిశ నుంచి విరుచుకుపడింది. వీధిలోని పెద్ద వేపచెట్టు మేము నడవవలసిన దారికి అడ్డంగా కూలిపోయింది.

వర్షపు రాత్రులలో ఇళ్ళలోనే నమాజు చేసుకోమని అజాన్‌లో ప్రకటింపజేసినవారు మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం). ఒంటెను కట్టివేసి, ఆపైన అల్లాహ్‌ను నమ్ముకోమన్న ఆయన హితబోధను తిర్మిజీ గ్రంథం నుంచి ఎన్నోమార్లు బోధించాను. ఆచరించినవాడు మాత్రం చాచా.

తర్వాత ఎన్నో రోజులు కరెంటు లేదు, కుళాయి నీళ్ళు లేవు. ఆయన పట్టిన బిందెలే మా దాహం తీర్చాయి.

ఇప్పుడు తుఫాను హెచ్చరిక వినబడగానే నీళ్ళు నింపిస్తాను, టార్చి, మందులు, ధ్రువపత్రాలు ప్లాస్టిక్ సంచిలో భద్రపరుస్తాను, గ్యాసు కట్టివేయిస్తాను. గాలి ఆగినా అధికారులు చెప్పేవరకు గడియ తీయను. దుఆ అప్పుడూ చేసేవాణ్ణి, ఇప్పుడూ చేస్తాను. కాకపోతే ఇప్పుడు బిందెలు నిండిన తర్వాత చేతులెత్తుతాను.