యాప్‌లో లేని కుర్రాడు

జట్టుకి ఎంపికైన కుర్రాడు కారణం అడగడు. అమ్మకి ఫోన్ చేసి చెప్పేసి, షూ తుడుచుకుంటాడు. అడిగేది మిగిలిపోయినవాడే. ఏలూరులో పిల్లలకి క్రికెట్ నేర్పే నాకు ‘లెక్కలా? మనసు మాటా?’ అన్న గొడవ వాడి దగ్గరే మొదలవుతుంది.

ఇప్పుడు వీధి టోర్నీకి కూడా క్రిక్‌హీరోస్‌లో స్కోరు కొడుతున్నారు. ఎవడు ఎన్ని ఓవర్లు వేశాడు, ఎన్ని పరుగులిచ్చాడు, ఎన్ని వికెట్లు తీశాడు... అన్నీ ఫోన్‌లోనే. కోచ్‌కి ఇంతకన్నా ఏం కావాలి?

కావాలి. ఎందుకంటే ఆ యాప్‌లో లేనివాళ్లు కూడా ఉన్నారు.

కిందటి వేసవిలో పదహారేళ్లలోపు పిల్లల జట్టుకి 15 మందిని తీసుకోవాలి. పద్నాలుగు పేర్లు తేలిపోయాయి. పదిహేనో చోటుకి ఇద్దరు బౌలర్లు మిగిలారు. ఒకడు టౌన్ కుర్రాడు, యాప్‌లో బోలెడన్ని వికెట్లు. రెండోవాడు కొల్లేటి లంక ఊరి నుంచి సైకిల్ మీద వచ్చేవాడు. వాడి పేరు కొడితే యాప్‌లో ఏమీ రాదు.

వాడి గ్రౌండ్ ఏంటో తెలుసా? చేపలు పట్టేశాక ఎండబెట్టిన చెరువు! గట్టు మీద పడితే ఫోర్, గట్టు దాటితే సిక్స్. నెర్రెలిచ్చిన ఆ నేల మీద బంతి పొట్టిగా వేస్తే ఎటు లేస్తుందో దేవుడికే తెలియాలి. అందుకేనేమో, వాడు బంతిని నేరుగా కాళ్ల దగ్గరే వేస్తాడు. చూడగానే ‘వీడు కావాలి’ అనిపించింది. కానీ అనిపించడం ఒక కారణమా?

లెక్కల్ని నమ్మడంలో అందరికన్నా ముందున్నది అమెరికా బేస్‌బాల్. 2002లో ఓక్లాండ్ అథ్లెటిక్స్ దగ్గర పెద్దగా డబ్బుల్లేవు. జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ స్కౌట్లు వద్దన్న ఆటగాళ్లని లెక్కలు చూసి తీసుకున్నాడు. ఆ జట్టు వరసగా 20 మ్యాచ్‌లు గెలిచింది. బ్రాడ్ పిట్ ‘మనీబాల్’ ఆ కథే. స్కౌట్లకి తెలివి లేక కాదు. ఆటగాడంటే ఇలాగే ఉండాలని వాళ్ల కంటికి ఒక అలవాటు పడిపోయింది. మన కంటికీ పడుతుంది. పొడుగ్గా ఉన్నవాడు, రనప్ అందంగా ఉన్నవాడు మనకి ముందు కనిపిస్తాడు.

మరి లెక్కలు చాలా? 2020 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. టాంపా బే పిచ్చర్ బ్లేక్ స్నెల్ 73 బంతులు వేసి, 2 హిట్లే ఇచ్చి, 9 మందిని స్ట్రైకౌట్ చేశాడు. జట్టు 1-0తో ముందుంది. అయినా మేనేజర్ కెవిన్ క్యాష్ అతన్ని తప్పించాడు. ఒకే పిచ్చర్‌ని మూడోసారి ఎదుర్కొనేటప్పుడు బ్యాటర్లు మెరుగ్గా కొడతారని లెక్కలు చెబుతాయి మరి. డాడ్జర్స్ 3-1తో గెలిచి కప్పు ఎత్తుకెళ్లారు.

మన లక్ష్మణ్ సంగతి దానికి రివర్స్. 2001 కోల్‌కతా టెస్టులో మూడో స్థానం ద్రావిడ్‌ది. మొదటి ఇన్నింగ్స్‌లో ఆరో స్థానంలో వచ్చి 59 కొట్టిన లక్ష్మణ్ ఊపు చూసి, ఫాలో ఆన్‌లో అతన్ని మూడుకి పంపారు. 281 కొట్టాడు. ఇండియా గెలిచింది.

ఈ రెండు కథలూ చెప్పి ‘లెక్కలు వేస్ట్’ అనేస్తాం. కానీ మనసు మాట విని ఓడిన మ్యాచ్‌లని ఎవరూ కథలుగా చెప్పరు కదా!

మా వైపు చేపల రైతుని చూడండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో మీటర్ చూస్తాడు. ఆకాశంలో మబ్బూ చూస్తాడు, నీళ్ల రంగూ చూస్తాడు. మబ్బు పడితే మేత తగ్గిస్తాడు. మీటర్‌కీ కంటికీ పోటీ పెట్టడు. అనుమానం వస్తే మళ్లీ కొలుస్తాడు.

నేనూ అదే చేశాను. ఇద్దరికీ చెరో 24 బంతులు ఇచ్చి, క్రీజు దగ్గర పాత షూ ఒకటి పెట్టాను. పన్నెండు బంతులయ్యాక గ్రౌండ్ చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తించి, మిగతా పన్నెండు వేయించాను. పిల్లలే లెక్క రాశారు. అలుపు లేనప్పుడు ఇద్దరూ సమానం. అలిసిపోయాక లంక కుర్రాడివి ఏడు బంతులు షూ దగ్గర పడ్డాయి, టౌన్ కుర్రాడివి మూడు.

మర్నాడు రానే వచ్చాడు టౌన్ కుర్రాడు. “నాకు వికెట్లు ఎక్కువున్నాయి కదండీ మాస్టారూ?”

‘నా మనసుకి అలా అనిపించింది’ అని చెబితే ఆ పిల్లాడు రేపటి నుంచి ఏం ప్రాక్టీస్ చేస్తాడు? నోట్‌బుక్ చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. “అలిసిపోతే పొట్టిగా పడుతున్నాయన్నమాట” అన్నాడు. ఆ సాయంత్రం తనే షూ తెచ్చి పెట్టుకున్నాడు.

తాడేపల్లిగూడెంలో మొదటి మ్యాచ్ ఓడిపోయాం. ఆఖరి ఓవర్ లంక కుర్రాడిదే. రైల్లో అందరూ గుసగుసలు. కానీ వాడు వేసిన ఆరింటిలో నాలుగు చెప్పిన చోటే పడ్డాయి. అవతలి కుర్రాడు బాగా కొట్టాడు, అంతే. మ్యాచ్ పోయిందని ఎంపిక తప్పయిపోదు. తర్వాతి మ్యాచ్‌లోనూ ఆఖరి ఓవర్ వాడికే ఇచ్చాను.

కాలేజీలోనో, ఊళ్లోనో టీమ్ కట్టే పని మీ మీద పడితే ఒక్క పని చేయండి. ఎవరినైనా తీసుకోవాలని గట్టిగా అనిపిస్తే, ఎందుకో ఒక్క లైను రాయండి. ఆ లైను నిజమో కాదో గ్రౌండ్‌లో కొలవండి. లైను రాయడమే రాకపోతే అది ఇన్‌స్టింక్ట్ కాదు, ఇష్టం.

అన్నట్టు, ఆ లంక ఊళ్లో ఈ వేసవి ఆటలకి పిల్లలు ఫోన్‌లో స్కోరు కొడుతున్నారు. గట్టు మీద సిగ్నల్ బాగానే వస్తుందట.