కరెంటు పోయినా పాట ఆగకూడదు

మా అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఆవిడ గొంతు మాకు మిగిలింది ఒక్క కాసెట్టులోనే. 1986లో మా అక్కయ్య పెళ్ళిపనుల్లో ఇరుగుపొరుగు అమ్మలక్కలు చేరి పాడుకుంటూంటే, మా చిన్నాన్న టేపురికార్డరు తెచ్చి పట్టాడు. కిందటి వేసవిలో తీసి చూద్దును కదా, టేపు అక్కడక్కడా ముడతలు పడి ఉంది. ఇక ఒకటి రెండుసార్లకంటే తిరగదని చూడగానే తెలిసిపోయింది.

మా మేనల్లుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. అరచేతిలో ఇమిడే పచ్చటి పలక ఒకటి పట్టుకొచ్చాడు. రాస్ప్‌బెర్రీ పై అట! పిల్లలు కంప్యూటరు విద్య నేర్చుకుంటారని ఇంగ్లండులో 2012 నుంచీ చవకగా అమ్ముతున్నారట. పేరు విని తినే వస్తువనుకుంది మా ఆవిడ. దానికో యు.ఎస్.బి. హబ్బు, ఆ హబ్బుకు ఒక పక్క ధ్వనిని లోపలికి తీసుకునే చిన్న బిళ్ళ, ఇంకో పక్క హార్డుడిస్కు. ఇక్కడ టేపు పాడుతూంటే అక్కడ పాట డిస్కులోకి చేరుతుంది.

ముందు ఏదో సినిమా పాటల కాసెట్టు పెట్టి చూశాం. పది నిమిషాలు కాకుండానే కరెంటు పోయింది. మళ్ళీ వచ్చాక చూస్తే పలక లేవనంది. రాస్తూండగా కరెంటు పోతే దాని మెమొరీ కార్డు చెడిపోతుందట.

“అదే అమ్మమ్మ కాసెట్టయితేనో, మావయ్యా?” అన్నాడు వాడు. నాకు గుండె ఝల్లుమంది.

సెల్‌ఫోన్లకు పెట్టుకునే పవర్‌బ్యాంకు కొన్నాం. పైన 10,000 అని గొప్పగా అచ్చు వేశారు గానీ, ఆ లెక్క లోపలి సెల్లు 3.7 వోల్టులకు, అంటే 37 వాట్ అవర్లే. అదీ పోనీ అనుకుంటే, గోడ కరెంటు పోగానే ఒక్క రెప్పపాటు తడబడేది. పలకకు ఆ రెప్పపాటు చాలు.

చివరికి 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీసపు బ్యాటరీ తెచ్చాం. 12ను 5.1కి దించే కన్వర్టరు తగిలించాం. పలకా హబ్బూ కలిసి ఒకటిన్నర ఆంపియర్లు లాగితే, వృథా పోనూ తొమ్మిది గంటలు రావాలి. సీసపు బ్యాటరీని సగానికంటే దించరాదు గనుక నాలుగు గంటలనుకోండి. మాది గంట కాసెట్టు.

మీట నొక్కాం. తెరమీద పసుప్పచ్చని మెరుపు గుర్తు! డిస్కు టిక్కు టిక్కుమని మూలుగుతోంది. 4.63 వోల్టులకు దిగితే ఆ మెరుపు వస్తుందట. బ్యాటరీ నిండా ఉంది, కన్వర్టరు దగ్గర మీటరు పెడితే 5.1 చూపిస్తోంది. కొట్టువాణ్ణి నేను తిట్టని తిట్టు లేదు. రెండు రోజులు తిట్టాను. తీరా వాడు మీటరు ముల్లులు పలక దగ్గర ఆనించి చూస్తే 4.45! మిగతాది నడుమనున్న మీటరు పొడుగు తీగె మింగేస్తోంది. ఎంత సన్నమంటే, పోనూ రానూ కలిపి దాదాపు అర ఓం. కొట్టువాడిదేం తప్పు? ఆ తీగె మా ఇంట్లో సొరుగులోది.

జానెడు లావుపాటి తీగె వేశాం. హబ్బు పలక మీద ఆధారపడకుండా కన్వర్టరు నుంచే దానికి వేరే తీగె లాగాం. హబ్బు వెనక్కి కరెంటు తోయకుండా, రెంటికీ మధ్యనున్న తీగెలో ఎర్రదాన్ని తెంచేశాం. బ్యాటరీ మొదట్లో ఫ్యూజు ఒకటి. మెరుపు మాయమైంది.

ఆ సాయంత్రం టేపురికార్డరులో నాలుగు లావు సెల్లులు వేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, అమ్మ కాసెట్టు పెట్టాం. రెండో పాటలో కరెంటు పోయింది. ఇల్లంతా చీకటి. ఫ్యాను ఆగింది. అమ్మ ఆగలేదు. ఫ్యాను చప్పుడు లేకపోయేసరికి మరీ స్పష్టంగా వినిపించింది — చరణం మధ్యలో పాట ఆపి, “ఒసేయ్, పాలు పొంగుతున్నాయి చూడవే!” అని కేక వేసి, మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంది.

చీకట్లో మా అక్కయ్య చటుక్కున లేచి వంటింటివైపు రెండడుగులు వేసింది.