పరదా మీది సరస్సు

అప్పట్లో నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఫొటో స్టూడియో అంటే ఇరుకు మెట్లెక్కి పోయే ఒక గది. తలుపు పక్కన అద్దం, పౌడరు డబ్బా, పండ్లూడిన దువ్వెన, మేకుకు వేలాడే నల్లకోటు. ఆ కోటు ఎవరిదీ కాదు, ఫొటోకు వచ్చిన అందరిదీ. లోపల రెండు పెద్ద లైట్లు, ఒక స్టూలు, వెనక గోడ నిండా పరదా.

పరదా మీద మంచుకొండలు, వాటి కింద సరస్సు, నీళ్లలో రెండు హంసలు, ఒడ్డున పిట్టగోడ. దేవరకొండలో చూసినా నారాయణపేటలో చూసినా దాదాపు అదే సరస్సు. సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టులే వీటినీ వేసేవారు. క్యాలెండర్లలో చూసిన ఆల్ప్స్ కొండలే వాళ్లకు నమూనా. నలుపు తెలుపు ఫిల్ముకు నీలంతో పని లేదు కాబట్టి చాలా పరదాల మీద నీళ్లు కూడా బూడిదరంగే.

కెమెరాకూ రంగులు వేసిన పరదాకూ చుట్టరికం పాతది. ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన ఫ్రెంచివాడు లూయీ డాగేర్ మొదట నాటకాలకు తెరలు వేసే చిత్రకారుడు. 1822లో పారిస్‌లో ‘డియోరమా’ అనే ప్రదర్శనశాల తెరిచి, స్విట్జర్లాండ్‌లోని సార్నెన్ లోయను పెద్ద గుడ్డ మీద చిత్రించి, దాని మీద వెలుగును మారుస్తూ జనానికి చూపించాడు. 1839లో ఆ శాల కాలిపోయింది. ఆ ఏడాదే ఆయన ఫొటో పద్ధతి లోకానికి వెల్లడైంది. అంటే మా స్టూడియోల్లో కెమెరా, కొండల పరదా ఎదురెదురుగా నిలబడటం కొత్తేమీ కాదు.

పారిస్ జనం ఆ బొమ్మకు ఎదురుగా కూర్చుని చూశారు. మావాళ్లు దానికి వెన్ను చూపి నిలబడ్డారు. “అవ్వా, జెర గదువ లేపు. పెద్దమనిషీ, కండ్లు మూయకుండ్రి” అని ఫొటోగ్రాఫర్ నల్లగుడ్డలో తల దూర్చేవాడు. వాళ్లు ఊపిరి బిగబట్టేవారు. ఫొటో చేతికొచ్చాకే తమ వెనక ఏముందో తీరిగ్గా చూసుకునేవారు. కురుమూర్తి జాతరలో, చెరువుగట్టు జాతరలో వెదురు బొంగులకు కట్టిన పరదాల ముందూ ఇదే వరుస.

తర్వాత కలర్ ఫిల్ము వచ్చింది, అచ్చేసిన పోస్టర్లు వచ్చాయి, ఆపైన కంప్యూటరు వచ్చింది. వెనక ఒక పచ్చగుడ్డ ఉంటే చాలు, ఏ సరస్సునైనా తర్వాత అతికించవచ్చు. పాత పరదాలను దాచాలని ఎవరికీ తోచలేదు. ఎలుకలు కొట్టినవి పోగా మిగిలినవి వాన జల్లుకు అడ్డంగా కట్టేశారు.

ఆ సరస్సు పరాయి సోకని నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వలేను. చెరువు నిండిన ఏడు పండగ, ఎండిన ఏడు వలస అయిన నేల ఇది. పాలమూరు లేబర్ తట్టా పారా పట్టుకుని దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది. పనికి పోయేముందు ఇంటి గోడకు ఒక ఫొటో ఉండాలని భార్యాభర్తలు స్టూడియో మెట్లెక్కేవారు. శంకుస్థాపనల ఫొటోల్లో మంత్రులుంటారు, ఇంజినీర్లుంటారు. మట్టి మోసిన వాళ్లలో ఎందరికో నిండు నీళ్లతో దిగిన ఫొటో ఆ పరదా ముందు దిగినదొక్కటే. దానికీ డబ్బులు వాళ్లే కట్టుకున్నారు.