ఉయ్యాల బల్లలోని ఏనుగులు

మా పాత ఇంటి నడవలో ఒక టేకు ఉయ్యాల బల్ల ఉండేది. అమ్మ మధ్యాహ్నం పూట దానిపై కూర్చుని వక్కలు కత్తిరించేది. ఆస్తి పంపకాలనాడు పొలాల విషయంలో రాని పేచీ ఆ బల్ల దగ్గర వచ్చింది. అన్నయ్యకూ నాకూ మాటలు పోయాయి. బల్ల ఎవరికీ దక్కలేదు. పశువుల కొట్టంలో పదకొండేళ్లు పడివుండి సగానికి పైగా చెదలపాలైంది. మిగిలిన ముక్కను ఒకనాడు వదిన నాకు అప్పగిస్తూ, "పొయ్యిలోకి పోకముందే తీసుకుపోవయ్యా" అన్నది.

అప్పటికి నేను ఉద్యోగ విరమణ చేసి, కొయ్యముక్కలతో చిన్న చిన్న జంతువులను కూర్చే పనిలో పడివున్నాను. పాశ్చాత్యులు దీనిని ఇంటార్సియా అంటారు. ఇటలీలోని ఉర్బినో రాజప్రాసాదంలో, 1470 ప్రాంతాల నాటి ఒక చిన్న పఠన మందిరం గోడలపై, కాయను కొరుకుతున్న ఉడుత ఒకటి ఉన్నది. అంతా కొయ్యముక్కలే. దాని చిత్రాన్ని ఒక పుస్తకంలో చూసిననాటి నుంచి ఈ పిచ్చి నన్ను వదలలేదు. మన మైసూరు పనివారు జిట్రేగి పలకలో గాడి తవ్వి, వేరే కలపను అందులో పొదిగి, పైభాగాన్ని సమం చేస్తారు. నేను చేసే పద్ధతిలో గాడి ఉండదు. ముక్కకు ముక్క ఆనుకుని నిలుస్తుంది, ఒక్కొక్కటి ఒక్కొక్క మందంతో. కొండపల్లి బొమ్మకు రంగు అందం. ఇక్కడ రంగన్నది నిషిద్ధం. కలపకు పుట్టుకతో వచ్చిన వన్నె ఏదో అదే.

ముందుగా కాగితంపై బొమ్మ గీసి, ప్రతి భాగానికీ ఒక అంకె వేస్తాను. కొయ్య నార ఎటు పోవాలో బాణపు గుర్తుతో సూచిస్తాను. ఈ గుర్తును లక్ష్యపెట్టక చేసిన నా మొదటి కుందేలుకు రెండు చెవులూ రంపం క్రిందే విరిగిపోయాయి. కాగితపు ముక్కలను కలపకు అతికించి సన్నరంపంతో కోసి, అంచులను ఉప్పుకాగితంతో గుండ్రం చేయాలి. దూరపు కాలు రెండు మూడు మిల్లీమీటర్లు పలుచగా ఉంటే, దగ్గరి కాలు దానంతటదే ముందుకు వస్తుంది. చివరకు అన్నిటినీ ప్లైవుడ్ పలకపై జిగురుతో నిలుపుతాను. పసుపుపచ్చని పనస చెక్కతో చేసిన లేడి పొట్ట కొన్నేళ్లకు గోధుమరంగుకు తిరిగి, పక్కనున్న టేకుతో కలిసిపోయింది. వెలుతురు సోకితే పనస ముదురుతుందని నాకు అప్పుడు తెలియదు. రంగు వేయనని పట్టుబట్టినవాడిని, చేసేదేమున్నది?

ఉయ్యాల ముక్క మాత్రం రెండు వారాలు గోడకు చేరగిలబడి ఉన్నది. రంపం ఆనించలేకపోయాను. ప్రేమ అడ్డువచ్చిందని చెప్పుకుంటే గౌరవంగా ఉంటుంది గాని, అసలు సంగతి వేరు. అది నాది కాదు. సగం అన్నయ్యది. కోస్తే ఇక పంచుకోవడానికేమీ మిగలదు. చివరకు ఒక కార్డు వ్రాశాను: "బల్లను కోయదలచాను. నీ అభిప్రాయం తెలుపవలెను." జవాబు రాలేదు. "చదివి జేబులో పెట్టుకున్నారు" అని వదిన చెప్పింది. ఆ మాటనే అనుమతిగా భావించాను.

గొలుసులు తగిలించే నాలుగు రంధ్రాలలో రెండు ఈ ముక్కలోనే ఉన్నాయి. ఏళ్ల తరబడి తడి తగిలిన ఇనుము చుట్టూ టేకు నల్లబారింది. కలపలోని వగరుకూ ఇనుముకూ పడదు. మొదట ఆ మచ్చలను కోసి పారేద్దామనుకున్నాను. బొమ్మ కాగితాన్ని అటూ ఇటూ జరిపి చూస్తుండగా, ఏనుగు కన్ను సరిగ్గా రంధ్రం మీదికి వచ్చింది. చుట్టూ ఉన్న నలుపు ముడుతలు పడిన కనుకొలకులా అమరింది. రెండు రంధ్రాలకు రెండు ఏనుగులు. రంధ్రాలలో జిట్రేగి బిళ్లలు బిగించాను. దంతాలకు తెల్లపొణికి ముక్కలు పెట్టాను. చెవులను మందంగా ఉంచాను. జానెడు ఏనుగులకు నెలన్నర పట్టింది.

ఒకదానిని పాత పంచెలో చుట్టి నేనే తీసుకువెళ్లాను. అన్నయ్య అరుగుమీద కూర్చుని ఉన్నాడు. మూట విప్పి చాలాసేపు త్రిప్పి చూశాడు. బొటనవ్రేలితో కన్ను తడిమాడు.

"ఇది వీధివైపు గొలుసుది" అన్నాడు.

"కాదు, పెరటివైపుది."

"నీకేం తెలుసు? అమ్మ ప్రక్కన కూర్చున్నది నేను."

వదిన కాఫీ తెచ్చేదాకా ఆ తగువు తెగలేదు.